ఊరి పేరు ఇంటి పేరైతే: వాషింగ్టన్ మూలాన్ని మెట్టు మెట్టుగా వెతకడం

కందుకూరులో ఉన్నంతకాలం ఎవరినీ కందుకూరి వాళ్లనరు. ఆ ఊరు విడిచి ఇంకోచోట కాపురం పెట్టాకే, కొత్త ఊరివాళ్లు ఆ పేరుతో గుర్తుపట్టడం మొదలుపెడతారు. ఇంగ్లండులో ఊళ్ల మీద వచ్చిన ఇంటి పేర్లదీ ఇదే దారి. అందుకే అలాంటి ఇంటి పేరు కనిపించగానే మొదట అనుకోవాల్సింది ఇది: ఈ కుటుంబం ఒకప్పుడు ఆ ఊరు వదిలి వచ్చింది. ఎప్పుడు వదిలింది, ఏ దారిన వెళ్లింది, ఇప్పుడు ఆ పేరు మోస్తున్న మనిషికి ఆ కుటుంబంతో రక్తసంబంధం ఉందా అన్నవి వేరే ప్రశ్నలు. వాటికి వేరే రుజువులు కావాలి.

చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. పేరు పుట్టుక తెలిస్తే వంశం పుట్టుక తెలిసిపోయినట్టే అనుకుంటారు. ఆ పొరపాటు ఎంత దూరం తీసుకుపోతుందో చూడటానికి వాషింగ్టన్‌ను మించిన ఉదాహరణ లేదు. ఇంగ్లండు ఉత్తరాన ఒక పల్లె పేరు ఒక జమీందారుకు ఇంటి పేరైంది. సముద్రం దాటి ఒక దేశాధ్యక్షుడి పేరైంది. అక్కణ్ణించి ఒక నగరానికి, ఒక రాష్ట్రానికి, బానిసత్వం నుంచి బయటపడిన వేలాది కుటుంబాలకు, చివరికి చెన్నైలో పుట్టిన ఒక క్రికెటరుకు చేరింది. ఈ గొలుసులో ప్రతి లంకెనూ విడిగా పరీక్షించే పద్ధతి కింద ఉంది. ఇంగ్లీషు ఊరి పేర్ల మీద వచ్చిన ఏ ఇంటి పేరుకైనా ఇదే వాడుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు

కంప్యూటరులో ఒక పట్టిక తెరిచి 5 నిలువు వరుసలు పెట్టుకోండి: తేదీ, పత్రంలో ఉన్న స్పెల్లింగు, చోటు, ఏ రకం పత్రం, అది దేన్ని రుజువు చేస్తోంది. రెండో వరుసలో స్పెల్లింగును పత్రంలో ఎలా ఉంటే అలాగే ఎక్కించండి, సరిదిద్దొద్దు. పాత స్పెల్లింగే సగం ఆధారం. దాన్ని నేటి రూపంలోకి మార్చేస్తే తర్వాత రెండు ఊళ్లను విడదీయడానికి ఏమీ మిగలదు. ఇక అయిదో వరుసను ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. అది నింపలేకపోతే ఆ పత్రం మీకు పనికిరానట్టే.

మొదటి మెట్టు: ఇది నిజంగా ఊరి పేరేనా?

ఇంగ్లీషు ఇంటి పేర్లు స్థూలంగా నాలుగు రకాలు. తండ్రి పేరు మీద వచ్చినవి (జాన్సన్), వృత్తి మీద వచ్చినవి (స్మిత్, టేలర్), మారుపేర్లు (షార్ట్, ఫాక్స్), చోటు మీద వచ్చినవి. నాలుగో రకంలో మళ్లీ రెండున్నాయి. హిల్, వుడ్ లాంటివి కొండ పక్కన, అడవి పక్కన ఉన్నవాడికి వచ్చిన పేర్లు. కొండ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది కాబట్టి వాటి వెంటపడి ఒక చోటు తేల్చడం అయ్యే పని కాదు. ఫలానా ఊరి పేరే ఇంటి పేరైనవి రెండో రకం. మన పని వాటితోనే.

ఊరి పేరును తోక చూసి పోల్చుకోవచ్చు. పాత ఇంగ్లీషులో ‘టూన్’ అంటే కంచె వేసుకున్న పొలం-ఇల్లు, తర్వాత పల్లె. అదే నేటి ‘టన్’. ‘హామ్’ అంటే నివాసం, ‘హమ్’గా మిగిలింది (డరమ్‌లో మాత్రం అది కాదు, ఆ తోక వేరే మాట నుంచి వచ్చింది). అడవి నరికి చేసిన ఖాళీ నేల ‘లీ’ అయింది: బ్రాడ్లీ, యాష్లీ. కోట ‘బరీ’, ‘బరో’ అయింది. ఏరు దాటే చోటు ‘ఫర్డ్’. కొండ ‘డన్’. ‘బీ’, ‘థోర్ప్’, ‘థ్వెయిట్’ వస్తే అక్కడ డేన్లు, నార్వే వాళ్లు స్థిరపడిన జాడ ఉందని అర్థం. అలాంటివి ఇంగ్లండు ఉత్తరాన, తూర్పున ఎక్కువ.

తోక ఒక్కటే చాలదు. బెన్సన్ ‘బెన్ కొడుకు’ కావచ్చు, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బెన్సన్ అనే ఊరూ కావచ్చు. కాటన్ సంగతి మనకు ఇంకా దగ్గర. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ (1803–1899) ఇంటి పేరుకు నూలుతో సంబంధం లేదు. గుడిసెను ‘కోట్’ అనే పాత ఇంగ్లీషు మాటకు ‘గుడిసెల దగ్గర’ అనే బహువచన రూపం ఉండేది, కాటన్, కోటన్ అనే ఊళ్లు చాలావరకు దాన్నుంచే వచ్చాయి. అలాంటి ఊళ్లు ఇంగ్లండులో చాలాచోట్ల ఉన్నాయి కాబట్టి కాటన్ ఇంటి పేరుకు ఒకే మూలం వెతకడం వృథా. ఏ కుటుంబానికి ఆ కుటుంబం లెక్క విడిగా తేల్చుకోవాలి.

వాషింగ్టన్ విషయంలో జనం పడే గుంట ఇంకొకటి: మొదటి భాగాన్ని నేటి ఇంగ్లీషులోని ‘ఉతకడం’తో కలిపేయడం. ఊరి పేర్లను నేటి భాషతో విడగొట్టకూడదు. ‘వాస్స’ అనేది ఒక మనిషి పేరు. ‘ఇంగ్’ సంబంధాన్ని చెబుతుంది. ‘టూన్’ పొలం-ఇల్లు. మొత్తం కలిపితే వాస్స అనేవాడి తాలూకు భూమి. ఆ వాస్స ఎవరో ఏ చరిత్రలోనూ లేదు, అతను బతికింది ఊరి పేరులోనే.

రెండో మెట్టు: ఆ పేరుగల ఊళ్లన్నీ పోగుచేయండి

ఒక ఊరు దొరకగానే ఆగిపోవడం ఈ పనిలో పెద్ద తప్పు. పేరు కలిసే ఊళ్లన్నీ రాసుకుని, ఒక్కోదానికి దొరికిన అతి పాత స్పెల్లింగు పక్కన పెట్టండి. నాటింగ్‌హమ్ విశ్వవిద్యాలయం ఉచితంగా అందుబాటులో ఉంచిన ఊరి పేర్ల సూచిక దీనికి మంచి మొదలు. లోతుకు వెళ్లాలంటే 1923లో ఏర్పడిన ఇంగ్లీషు ఊరి పేర్ల సంఘం జిల్లాల వారీగా వేసిన సంపుటాలున్నాయి. ఇంటి పేర్లకైతే ఆక్స్‌ఫర్డ్ 2016లో వెలువరించిన నాలుగు సంపుటాల నిఘంటువును చూడండి. ఇంగ్లండులో చాలా గ్రంథాలయాల సభ్యులకు అది ఇంటి నుంచే తెరుచుకుంటుంది.

వాషింగ్టన్‌కు ఈ పని చేస్తే మూడు ఊళ్లు ఎదురవుతాయి. ఒకటి ఉత్తరాన పాత డరమ్ జిల్లాలోది, ఇప్పుడు టైన్ అండ్ వేర్ కింద ఉంది. రెండోది దక్షిణాన ససెక్స్‌లోది. దాని పేరు పుట్టుకా వాస్స అనే పేరు మీదే, కాకపోతే అక్కడ ‘ఇంగ’ అంటే అతని మనుషులు, అతని అనుచరులు అనే అర్థం పలుకుతుంది. మూడోది డెర్బీషైర్‌లోని వెస్సింగ్టన్. దీనికి వాస్సతో సంబంధమే లేదు, విగ్‌స్టాన్ అనే ఇంకో మనిషి పేరు అరిగి అలా అయింది.

మూడోదాన్ని ఎందుకు పట్టించుకోవాలంటే, డరమ్ వాషింగ్టన్‌ను కూడా మధ్యయుగపు పత్రాల్లో వెస్సింగ్టన్ అని రాశారు. 1416 నుంచి 1446 వరకు డరమ్ మఠానికి అధిపతిగా ఉన్న జాన్ పేరు వెస్సింగ్టన్ అనీ, వాషింగ్టన్ అనీ రెండు విధాలా కనిపిస్తుంది. కాబట్టి పాత పత్రంలో వెస్సింగ్టన్ కనిపిస్తే అది ఏ ఊరు అన్నది స్పెల్లింగు చెప్పదు. ఆ మనిషికి భూమి ఏ జిల్లాలో ఉందో చూసి తేల్చుకోవాలి.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. ఇంగ్లీషు ఊళ్ల కోసం అందరూ మొదట తెరిచేది 1086 నాటి డూమ్స్‌డే భూముల లెక్క. అందులో వెతికితే వాషింగ్టన్ దొరుకుతుంది, కానీ అది ససెక్స్‌ది. డరమ్, నార్తంబర్లాండ్ ఆ లెక్కలోకి రాలేదు. అంటే డరమ్ ఊరు అందులో లేకపోవడానికి కారణం ఊరు లేకపోవడం కాదు, అధికారులు అంత ఉత్తరానికి లెక్క తీయకపోవడం. దొరికినదే అసలైనది అనుకుంటే అధ్యక్షుడి పూర్వీకులను 400 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి తోసినట్టవుతుంది. ఏ పత్రం ఏ ప్రాంతాన్ని వదిలేసిందో ముందే తెలుసుకోవడం వెతుకులాటలో భాగమే.

మూడో మెట్టు: పేరు ఊరి మీద నుంచి మనిషి మీదకు ఎప్పుడు దిగింది?

డరమ్ బిషప్ హ్యూ డు పుయిసెట్ 1183లో తన భూముల వివరాలు రాయించాడు. దాన్ని బోల్డన్ పుస్తకం అంటారు. డూమ్స్‌డే వదిలేసిన ప్రాంతానికి అదే ఆధారం. విలియం డి హర్ట్‌బర్న్ అనే అతను హర్ట్‌బర్న్ అనే తన పల్లెను బిషప్‌కు ఇచ్చి, బదులుగా వాషింగ్టన్ పుచ్చుకున్నాడని అందులో ఉంది. చర్చీ, దాని భూమీ ఈ మారకంలో చేరవు. ఏటా 4 పౌండ్లు కట్టాలి, బిషప్ పెద్ద వేటకు వెళ్లినప్పుడు 4 వేటకుక్కలతో రావాలి.

పేరు ఎలా అంటుకుంటుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే పత్రం అరుదు. కొత్త భూమికి వచ్చినప్పుడు విలియం పాత ఊరి పేరుతోనే ఉన్నాడు. ఆ తర్వాత అతనూ, అతని వారసులూ డి వెస్సింగ్టన్ అయ్యారు. అదే మనిషి, ఊరు మారితే పేరు మారింది. అంటే ఆ తొలి శతాబ్దాల్లో ‘డి ఫలానా ఊరు’ అని కనిపిస్తే అది ఇంటి పేరో, చిరునామానో చెప్పలేం. తండ్రి, కొడుకు, మనవడు వేర్వేరు చోట్ల ఉన్నా అదే పేరు మోస్తున్నారని పత్రాల్లో కనిపించినప్పుడే దాన్ని వంశపారంపర్యపు పేరుగా లెక్కించండి. ఉజ్జాయింపుగా చెప్పాలంటే భూస్వాముల్లో అది 12, 13 శతాబ్దాల్లో కుదురుకుంది, సామాన్యుల్లో దక్షిణాన 14వ శతాబ్దం నడిమికి, ఉత్తరాన ఇంకో నూరేళ్లు ఆలస్యంగా.

భూస్వామి తన భూమి పేరు పెట్టుకుంటాడు, ఆ ఊరు వదిలిపోయిన కూలీకి జనం ఆ పేరు పెడతారు. రెండు దారుల్లోనూ వచ్చేది ఒకే ఇంటి పేరు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ‘మాది ఆ జమీందారు వంశమే’ అనే మాటను మీరు వెంటనే నమ్మరు.

నాలుగో మెట్టు: నేటి నుంచి వెనక్కి నడవండి

మధ్యయుగం నుంచి కిందికి దిగాలని చూడొద్దు. బతికున్న మనిషి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో తరం పైకి ఎక్కండి. ఇంగ్లండులో వాడాల్సిన పత్రాలు వరుసగా ఇవి.

జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. సూచికలు 1983 దాకా మూడు నెలలకొకటి చొప్పున ఉంటాయి, ఆ త్రైమాసికం పుట్టిన తేదీది కాదు, నమోదు చేసిన తేదీది. పుట్టిన తర్వాత 42 రోజుల దాకా గడువుండేది కాబట్టి మార్చి నెలాఖరులో పుట్టిన బిడ్డ కోసం తర్వాతి త్రైమాసికం కూడా చూడాలి. 1875కు ముందు బిడ్డ పుట్టుకను చెప్పించే బాధ్యత తల్లిదండ్రుల మీద గట్టిగా లేదు. కొన్ని జననాలు అసలు ఎక్కనే లేదు. పెళ్లి ధ్రువపత్రంలో ఇద్దరి తండ్రుల పేర్లూ, వృత్తులూ ఉంటాయి. ఒక తరం పైకి వెళ్లడానికి దాన్ని మించింది లేదు.

జనగణనలో మనుషుల పేర్లు 1841 నుంచి వరుసగా దొరుకుతాయి. ఆ ఏడాది 15 దాటినవాళ్ల వయసును 5కు దింపి రాశారు: 39 ఏళ్లవాడు 35 అయిపోతాడు. పుట్టిన ఊరు కూడా లేదు, అదే జిల్లాలో పుట్టాడా లేదా అన్నదే ఉంటుంది. 1851 నుంచి ఊరు రాశారు. 1881 లెక్కను పూర్తిగా ఎక్కించి సూచిక చేశారు కాబట్టి ఇంటి పేరు ఏ జిల్లాల్లో గుంపుగా ఉందో పటం గీయడానికి అది బాగా పనికొస్తుంది. అరుదైన పేరైతే పటంలో గుంపు తరచు అసలు ఊరికి దగ్గర్లోనే పడుతుంది. అలా పడకపోతే రెండు కారణాలుంటాయి: కుటుంబం ముందే వలస పోయింది, లేదా మీరు పట్టుకున్న ఊరు తప్పు. 1931 లెక్క కాగితాలు అగ్నిప్రమాదంలో పోయాయి, 1941లో లెక్కే జరగలేదు. ఆ ఖాళీని 1939 జనాభా రిజిస్టరు కొంత పూడుస్తుంది.

1837కు ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. థామస్ క్రామ్‌వెల్ 1538లో వాటిని మొదలుపెట్టించాడు. తొలి కాగితాలు చాలావరకు పోయాయి. 1598 నుంచి ఏటా ఒక నకలు బిషప్‌కు పంపాలన్న నియమం వచ్చింది. ఊరి రిజిస్టరు చిరిగిపోయినా, తడిసిపోయినా ఈ నకలు దొరికే అవకాశం ఉంది, అడగడం మరవొద్దు. 1642–1660 మధ్య అంతర్యుద్ధం వల్ల ఖాళీలు సహజం. 1733కు ముందు లాటిన్‌లో రాసిన పేర్లు వస్తాయి: విలియం విలెల్మస్, జాన్ జొహన్నెస్. 1754 నుంచి పెళ్లిళ్లకు కట్టుదిట్టమైన నమోదు, 1813 నుంచి అచ్చు ఫారాలు.

తేదీల్లో ఒక తిరకాసు. 1752 దాకా ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1656 ఫిబ్రవరి అని పత్రంలో ఉంటే మన లెక్కలో అది 1657. అందుకే చరిత్రకారులు 1656/57 అని జంటగా రాస్తారు, మీరూ అలాగే రాయండి. జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజు కూడా ఇలాగే రెండుగా కనిపిస్తుంది: పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11, కొత్త లెక్కలో 1732 ఫిబ్రవరి 22.

1538కి ముందు భూస్వాములు కానివాళ్ల జాడ పన్నుల జాబితాల్లో, గ్రామ కోర్టు పత్రాల చుట్టల్లో, వీలునామాల్లో మాత్రమే ఉంటుంది. 1327, 1332 చరాస్తుల పన్ను, 1377–1381 తలపన్ను ముఖ్యమైనవి. ఇక్కడిదాకా తెగకుండా వచ్చే కుటుంబాలు కొద్ది. రాకపోతే అది మీ వైఫల్యం కాదు, అక్కడే ఆపి అలాగే రాయండి.

వెబ్‌సైట్లలో వెతికేటప్పుడు ఒకే స్పెల్లింగు ఇవ్వొద్దు. వాసింగ్టన్, వెసింగ్టన్, వెస్సింగ్టన్ రూపాలు కూడా ఇవ్వండి. మొదటి అక్షరం, నక్షత్రం గుర్తు, చివర ‘టన్’ ఇచ్చి చూడండి. ఫ్యామిలీసెర్చ్, ఫ్రీబీఎండీ ఉచితం. సూచికలో దొరికింది చూసి ఆగిపోకుండా అసలు కాగితం బొమ్మ తెరవాలి, ఎందుకంటే సూచిక ఎక్కించినవాళ్లు పాత చేతిరాతను తప్పు చదవడం మామూలే. జిల్లా సరిహద్దులూ చూసుకోండి. వాషింగ్టన్ 1974 నుంచి టైన్ అండ్ వేర్‌లో ఉన్నా, పాత రికార్డులను డరమ్ కింద వెతకాలి.

అయిదో మెట్టు: ఒకే పేరుగల ఇద్దరిని ఒకరిగా చేయకండి

వాషింగ్టన్ వంశం ఈ పాఠాన్ని ఖరీదుగా నేర్పింది. డరమ్ నుంచి ఒక శాఖ లాంకషైర్‌లోని వార్టన్ వైపు, అక్కణ్ణించి నార్తాంప్టన్‌షైర్ వైపు వెళ్లింది. ఉన్ని వ్యాపారి, నార్తాంప్టన్ మేయరు అయిన లారెన్స్ వాషింగ్టన్ 1539లో సల్‌గ్రేవ్ భూమి కొన్నాడు. అతని మనవడి పేరు లారెన్స్. ఆ మనవడి కొడుకు, ఎసెక్స్‌లోని పర్లీలో చర్చి ఫాదరీ, అతనూ లారెన్సే (1602–1652). ఈ ఫాదరీ కొడుకు జాన్ 1656/57లో వర్జీనియా చేరాడు. జాన్ కొడుకు మళ్లీ లారెన్స్. ఆ లారెన్స్ కొడుకు అగస్టీన్, అగస్టీన్ కొడుకు జార్జ్. జార్జ్ సవతి అన్న కూడా లారెన్సే.

ఇంతమంది లారెన్సుల మధ్య నిపుణులే దారి తప్పారు. లండన్‌లో వంశచిహ్నాల అధికారి సర్ ఐజక్ హర్డ్ 1790లలో అధ్యక్షుడి వంశవృక్షం గీస్తూ, వర్జీనియాకు వలసపోయిన అన్నదమ్ములు జాన్, లారెన్స్ అంటే పర్లీ ఫాదరీ లారెన్సూ, అతని అన్న సర్ జానూ అని పొరబడ్డాడు. 1866లో జోసెఫ్ చెస్టర్ అది కుదరదని చూపాడు. ఫాదరీ లారెన్స్ వలస పోయినవాడు కాదు, పోయినవాళ్ల తండ్రి అని 1889లో హెన్రీ వాటర్స్ తేల్చాడు. దాదాపు నూరేళ్లు ఒక దేశాధ్యక్షుడి వంశవృక్షంలో తప్పు తరం కూర్చుంది.

దీనికి విరుగుడు: ఒక్కో మనిషికి కనీసం రెండు వేర్వేరు రకాల పత్రాలు కలవాలి. బాప్తిస్మం ఒక్కటే చాలదు, వీలునామాలోనో సమాధి నమోదులోనో భార్య పేరు, భూమి ఉన్న ఊరు సరిపోవాలి. పసితనంలో చనిపోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడం ఆ రోజుల్లో మామూలు కాబట్టి, ప్రతి బాప్తిస్మం తర్వాత అదే పేరుతో సమాధి నమోదు ఉందేమో చూడండి.

ఈ మెట్టు దగ్గరే వంశచిహ్నాలు అమ్మేవాళ్లు ఎదురవుతారు. ‘మీ ఇంటి పేరు చిహ్నం’ అంటూ చట్రం కట్టి ఇచ్చే బొమ్మలకు విలువ లేదు. ఇంగ్లండులో చిహ్నం ఇంటి పేరుకు చెందదు, ఒక మనిషికి ఇస్తారు, అతని మగసంతతికి దిగుతుంది. అధ్యక్షుడి కుటుంబ చిహ్నంలో తెల్లని నేల మీద రెండు ఎర్ర పట్టీలు, పైన మూడు ఎర్ర నక్షత్రాలు ఉంటాయి. 1938 నుంచి వాషింగ్టన్ డీసీ జెండా అదే. వాషింగ్టన్ పేరున్న ప్రతివాడూ దాన్ని గోడకు తగిలించుకోవచ్చు గానీ తనదని చెప్పుకోలేడు.

ఆరో మెట్టు: సముద్రం దాటాక

జార్జ్ వాషింగ్టన్‌కు పిల్లలు లేరు. కాబట్టి ఎవరైనా ‘అధ్యక్షుడి సూటి సంతతి’ అని చెప్పుకుంటే అక్కడికక్కడే కొట్టేయొచ్చు. అతని అన్నదమ్ముల సంతతి ఉంది, అది వేరే మాట.

ఇప్పుడు ఈ ఇంటి పేరుగలవాళ్లలో అత్యధికులు ఉన్నది అమెరికాలో. అక్కడి 2000 జనగణనలో ఈ పేరు 1,63,036 మందికి ఉంది, వాళ్లలో దాదాపు 90 శాతం నల్లజాతీయులు. డరమ్ పల్లె నుంచి రక్తపు గీత గీస్తూ వచ్చినవాళ్లకు ఈ సంఖ్య దగ్గర దారి మూసుకుపోతుంది. ఇక్కడ పేరు ప్రయాణం చేసింది, రక్తం కాదు.

యజమాని పేరే బానిసలకు వచ్చిందనే సులువైన వివరణ చాలా సందర్భాల్లో నిలబడదు. జార్జ్ ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో 1799 నాటి జాబితా ప్రకారం 317 మంది బానిసలుండేవారు, వాళ్లలో 123 మంది జార్జ్ సొంతం. దేశం నిండా ఉన్న ఇంత సంఖ్యను ఆ ఒక్క ఎస్టేటు మోయలేదు. కొందరికి ఆ పేరు వాషింగ్టన్ బంధువుల ఎస్టేట్ల నుంచి వచ్చింది. చాలామంది స్వేచ్ఛ వచ్చాక, ఇంటి పేరు చెప్పాల్సిన అవసరం పడినప్పుడు, దేశం పెద్దగా చెప్పుకునే పేరును తామే ఎంచుకున్నారు. బుకర్ టి. వాషింగ్టన్ (1856–1915) దారి ఇంకా వేరు. బడిలో అయ్యవారు పేర్లు పిలుస్తుంటే అందరికీ రెండేసి పేర్లున్నాయని గమనించి, తన వంతు రాగానే అప్పటికప్పుడు వాషింగ్టన్ అని చెప్పానని ఆత్మకథలో రాసుకున్నాడు. అతని మారుతండ్రి మొదటి పేరు వాషింగ్టన్. అంటే ఇంటి పేరు మొదటి పేరుగా మారి, మళ్లీ ఇంటి పేరైంది.

ఇలాంటి కుటుంబాన్ని వెతకాలంటే 1870 జనగణనతో మొదలుపెట్టండి. నల్లజాతీయులందరినీ పేర్లతో రాసిన మొదటి లెక్క అదే. 1850, 1860 బానిసల పట్టికల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే ఉంటాయి. ఆ గోడ దాటడానికి, విడుదలైన బానిసల కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో (1865–1872) కాగితాలు, ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు (1865–1874) ఖాతాదారుల నమోదులు చూడాలి. బ్యాంకు నమోదుల్లో చాలాసార్లు తల్లిదండ్రులు, తోబుట్టువులు, పాత యజమాని వివరాలు ఉంటాయి. 1870లో ఇంటి పేరు ఒకటి, 1880లో ఇంకొకటి ఉన్నా కంగారుపడొద్దు. పేరును పక్కన పెట్టి పిల్లల వరస, వయసులు, ఇరుగుపొరుగు పోల్చండి.

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తండ్రి నుంచి కొడుక్కు దిగే వై క్రోమోజోమ్‌దే చేయించాలి, ఇంగ్లీషు ఇంటి పేరు కూడా సాధారణంగా ఆ దారినే దిగుతుంది కాబట్టి. ఇద్దరివి కలిస్తే మగదారిలో ఉమ్మడి పూర్వీకుడున్నాడని తెలుస్తుంది, ఎన్ని తరాల వెనకన్నది ఉజ్జాయింపే. కలవకపోతే మీ పత్రాలు తప్పని కాదు. దత్తత, మారుతండ్రి, ఎంచుకున్న పేరు, ఏదైనా కారణం కావచ్చు.

ఏడో మెట్టు: నేటి వాడుకకు గొలుసు రాయడం

ఇంటి పేరు నేడు నగరంగా, సరుకుగా, మొదటి పేరుగా కనిపించినప్పుడు ఒకే ప్రశ్న: దీనికి వెంటనే ముందున్న లంకె ఏది? ఒక్కసారిగా ఊరిదాకా దూకొద్దు.

నగరానికి 1791లో ఆ పేరు పెట్టింది అధ్యక్షుడి గౌరవార్థం. పడమటి రాష్ట్రానికి మొదట కొలంబియా అని పెట్టబోయి, డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియాతో కలిసిపోతుందని 1853లో వాషింగ్టన్ చేశారు (తికమక తగ్గిందో పెరిగిందో మీరే చెప్పండి). వాషింగ్టన్ నేవల్ నారింజకు ముందు లంకె అధ్యక్షుడు కాదు, నగరం. బ్రెజిల్‌లోని బహియా నుంచి అంటు మొక్కలు వాషింగ్టన్‌లోని వ్యవసాయ శాఖకు 1870లో చేరి, అక్కణ్ణించి కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌కు వెళ్లాయి. నారింజ నుంచి నగరం, నగరం నుంచి జార్జ్, జార్జ్ నుంచి విలియం, విలియం నుంచి పల్లె, పల్లె నుంచి వాస్స. ఇలా రాసుకుంటే ఎక్కడ రుజువుందో, ఎక్కడ ఊహో కనిపిస్తుంది.

మొదటి పేరుగా ఇది 1783లో పుట్టిన రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్‌తోనే కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలో బాగా వాడుకలో ఉంది. 1926–1930 మధ్య బ్రెజిల్ అధ్యక్షుడు వాషింగ్టన్ లూయిస్. మన క్రికెటరు వాషింగ్టన్ సుందర్ (జననం 1999) విషయంలో అధ్యక్షుడికి నేరుగా సంబంధం లేదు. చిన్నప్పుడు తనను చదివించి, ఆటలో ఆదుకున్న వాషింగ్టన్ అనే మాజీ సైనికుడి మీద కృతజ్ఞతతో తండ్రి సుందర్ ఆ పేరు పెట్టాడు. ఇక్కడ వాషింగ్టన్ అతని సొంత పేరు, సుందర్ తండ్రి పేరు. పాశ్చాత్య పద్ధతిలో చివరి మాటను ఇంటి పేరుగా తీసుకునే ఏ పట్టికైనా ఇక్కడ తప్పుతుంది. అమెరికాలో తెలుగువాళ్ల పేర్లను సూచికల్లో వెతికేవాళ్లకు ఇది తెలిసిన బాధే: ముందుండే ఇంటి పేరు ఒక పత్రంలో ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోదాంట్లో ఒట్టి పొడి అక్షరం. రెండు వరసల్లోనూ వెతకండి.

ఇక తెలుగులో రాయడం. ఊరి పేర్ల ఇంటి పేర్లు అక్షరాలకు దూరంగా పలుకుతాయి. అక్షరాల్లో వార్విక్, వోర్సెస్టర్, లీసెస్టర్, గ్రీన్‌విచ్‌లా కనిపించేవాటికి వారిక్, వుస్టర్, లెస్టర్, గ్రెనిచ్ అన్నవి ఇంగ్లండు పలుకుబడి. మన పత్రికల్లో గ్రీన్‌విచ్ స్థిరపడింది కాబట్టి కాలమానం గురించి రాసేటప్పుడు అలాగే ఉంచండి. మనిషి ఇంటి పేరైతే ఆ మనిషి పలికే తీరు రాయండి, అమెరికాలో అదే పేరును అక్షరాల ప్రకారం పలికే కుటుంబాలున్నాయి. వంశవృక్షం తయారుచేస్తుంటే తెలుగు రూపం పక్కన ప్రతి పత్రంలోని అసలు స్పెల్లింగును కూడా ఉంచాలి. వాషింగ్టన్, వెస్సింగ్టన్ రెంటినీ తెలుగులో ఒకేలా రాసేస్తే డరమ్, డెర్బీషైర్ మళ్లీ కలిసిపోతాయి.